రెక్కలు, నిప్పు, 600 ఏళ్ల ఆయుష్షు: నా మాయాజాతి కథను మింగేస్తోంది, ఎలా సరిచేయాలి?

నిప్పురెక్క:

ఫాంటసీ నవల కోసం ఒక మాయాజాతిని తయారుచేస్తున్నాను. ఇప్పటిదాకా అనుకున్నవి ఇవి: మనిషంత ఎత్తు, వీపున రెక్కలు, పక్షికి ఉన్నట్టు గట్టి ముక్కు. 600 ఏళ్లు బతుకుతారు. చేత్తో నిప్పు పుట్టిస్తారు. జనాభా 2,000, ఒకే నది ఒడ్డున మూడు ఊళ్లు. అందరూ శాంతస్వభావులు, యుద్ధం జోలికి పోరు. పేర్లు మేఘవాహుడు, ప్రభంజని, అంబుజ లాంటివి.

చిక్కేంటంటే, మూడో అధ్యాయంలో మనుషుల సైన్యం వాళ్ల ఊరిని ముట్టడిస్తుంది. వీళ్లు పైకెగిరి నిప్పు కురిపిస్తే ముట్టడి అరగంటలో ముగిసిపోతుంది. కురిపించరు అని రాస్తే చేతగానివాళ్లలా కనిపిస్తున్నారు, కురిపిస్తారు అని రాస్తే కథే మిగలడం లేదు. ఇంత శక్తి ఉన్నవాళ్లు లోకాన్ని ఎందుకు ఏలడం లేదన్నదానికీ నా దగ్గర జవాబు లేదు. శక్తులు తగ్గించాలా, శత్రువును పెంచాలా? పునాది నుంచి మార్చడానికి సిద్ధమే, కాకపోతే రెక్కలు, నిప్పు రెండూ ఉండాలని ఉంది.

కొలిమి:

శత్రువును పెంచకండి. ఒకసారి మొదలుపెడితే ఆ పెంచడానికి అంతుండదు. మీ జాబితాలో ఉన్నవి విడివిడి వరాలు. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు, దేనికీ ఖర్చు లేదు. ఒక్క మాయను పట్టుకోండి, దాని ఖర్చు తేల్చండి, మిగతా లక్షణాలన్నీ దానిలోంచే పుట్టనివ్వండి. మీ జాతికి ఆ ఒక్కటి నిప్పే.

ముందుగా ఆ వేడి ఎక్కడి నుంచి వస్తోందో తేల్చాలి. ఒంట్లోంచి అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. పెద్ద మనిషి రోజు తిండి సుమారు 2,000 కిలో క్యాలరీలు. ఎండు కట్టె ఒక కిలో కాలితే 3,700 నుంచి 4,000 దాకా వస్తుంది. కిలో కట్టె మంటంత వేడి పుట్టించాడంటే రెండు రోజుల తిండి ఒంట్లోంచి పోయిందన్నమాట. సైన్యం సంగతి అటుంచండి, ఒక పొయ్యిని గంటసేపు మండించినా మనిషి పీక్కుపోతాడు. పోనీ వేడి శూన్యంలోంచి వస్తుందంటే ఖర్చే లేదు, మిమ్మల్ని ఇరకాటంలో పెట్టింది అదే.

మూడో దారి ఉంది. వాళ్లు వేడిని పుట్టించరు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మళ్లిస్తారు. 25 డిగ్రీల దగ్గరున్న లీటరు నీటిని మరిగే దాకా తేవడానికి 75 కిలో క్యాలరీలు కావాలి. అదే 25 డిగ్రీల నీళ్లు లీటరు గడ్డకట్టేదాకా వేడి లాగేస్తే దాదాపు 105 వస్తాయి: చల్లబడి సున్నాకు చేరడంలో 25, మంచుగా మారడంలో 80. అంటే ఒక కుండ గడ్డకడితే పక్క కుండ మరుగుతుంది, కొంచెం వేడి మిగులుతుంది కూడా. ఇప్పుడు ఈ జాతి నది ఒడ్డునే ఎందుకుందో చెప్పనక్కర్లేదు.

మళ్లించే శ్రమకు కూడా ధర పెట్టండి. నేనైతే మళ్లించిన వేడిలో పదోవంతు సొంత ఒంట్లోంచి పోతుందని పెడతాను. లీటరు నీళ్లు కాచడానికి 7.5 ఖర్చు. రోజు తిండిలో బతకడానికి పోగా 550 దాకా మిగిలిందనుకుంటే, ఒక్కొక్కరు రోజుకు 73 లీటర్లు కాచగలరు. అంతకు మించితే చేతులు వణకడం, చెమట పట్టడం, మాట తడబడటం, చివరికి స్పృహ తప్పడం. రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలే ఇవన్నీ, కాబట్టి కొత్తగా కనిపెట్టే పనిలేదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, అప్పుడు మాయ మళ్లీ చేయి దాటిపోతుంది. 100 గ్రాముల ఎండు పుల్లను 300 డిగ్రీలకు తేవడానికి 11 కిలో క్యాలరీలు చాలు, ఒంట్లోంచి పోయేది ఒక్క కిలో క్యాలరీయే. ఇంత చవగ్గా అంటించగలిగితే సైన్యం గుడారాలన్నీ ఒక్క రాత్రిలో బూడిదైపోతాయి. ఖర్చు ఒక్కటే పెడితే సరిపోదని తేలిపోయింది కదా, దూరాన్ని కూడా బిగించాలి: ఒక చెయ్యి వేడి ఇచ్చే నీటిలో ఉండాలి, రెండోది వేడెక్కాల్సిన వస్తువును తాకాలి. ఇక ముట్టడి వేసినవాడు చేయాల్సిందల్లా ఊరికీ నదికీ మధ్య అడ్డం పడటమే. లోపలున్నవాళ్లకు మిగిలింది తొట్లలో నీళ్లు. మొదటి రోజు వాటితోనే కాచుకుంటారు. మూడో రోజుకు తొట్లన్నీ మంచుగడ్డలు. ఆ మంచులోంచి ఇంకా లాగవచ్చు, కానీ డిగ్రీకి కిలోకు అర కిలో క్యాలరీయే వస్తుంది. మీ మూడో అధ్యాయానికి కావలసిన ఉత్కంఠ అక్కడుంది.

గాలిలెక్క:

కొలిమి గారి నియమం బాగుంది, రెక్కల్ని కూడా దానికే కట్టేయవచ్చు. ముందు బరువు సంగతి చూద్దాం.

ఎత్తు రెట్టింపైతే రెక్క వైశాల్యం 4 రెట్లు పెరుగుతుంది, బరువు 8 రెట్లు. అందుకే పెద్ద ప్రాణికి ఎగరడం కష్టం. నేడు ఎగిరే పక్షుల్లో అతి బరువైనవాటిలో ఒకటైన కోరి బస్టర్డ్ 18-19 కిలోల దాకా ఉంటుంది, అది కూడా తప్పనిసరైతేనే ఎగురుతుంది. మనిషి కేవలం కండబలంతో ఎగరాలంటే ఏం కావాలో 1979లో ఇంగ్లిష్ ఛానెల్ దాటిన గాసమర్ ఆల్బట్రాస్ చూపించింది: 32 కిలోల యంత్రం, దాదాపు 30 మీటర్ల రెక్క, 2 గంటల 49 నిమిషాల పాటు ఆగకుండా తొక్కడం. వీపున రెండు గజాల రెక్కలు పెట్టి 60 కిలోల మనిషి రెపరెపలాడిస్తూ లేచాడంటే గాలికి బదులు మాయ మోస్తోందని అర్థం. ఆ మాయకు మళ్లీ ధర కావాలి.

కాబట్టి రెక్కలు ఆడించడం మానేసి తేలడం పెట్టండి. రాబందుల పద్ధతి అదే, వేడెక్కి పైకి లేచే గాలిలో గిరికీలు కొడుతూ ఎత్తుకు చేరతాయి. బరువు 30 కిలోలకు, ఎత్తు 130 సెంటీమీటర్లకు దించండి. రాబందుకు ఒక చదరపు మీటరు రెక్క సుమారు 8 కిలోలు మోస్తుంది. అదే కొలతతో మీవాళ్లకు 3.75 చదరపు మీటర్లు కావాలి, అంటే కొస నుంచి కొసకు 5 మీటర్లు. ఒక్కో రెక్క మూడు మడతలు పడితే మడత పొడవు 80-85 సెంటీమీటర్లు. వీపు మీద ఇమిడిపోతుంది, నడుస్తుంటే నేల తగలదు.

బరువు సగమైతే తిండి సగం కాదు, 60 శాతం దగ్గర ఆగుతుంది. చిన్న ప్రాణికి కిలోకు ఎక్కువ తిండి కావాలి. పైన 2,000 ఉన్నచోట 1,200 రాసుకోండి, మిగులు 550 ఉన్నచోట 330. రోజుకు 73 లీటర్లు కాస్తా 44 అవుతాయి.

ఇప్పుడు ఆ లేచే గాలిని వాళ్లే తయారుచేసుకుంటారు. ఊరి మధ్య నల్లరాతి చప్టా, దాని చుట్టూ నది నీటి కాలువ. చప్టాను వేడెక్కిస్తే మీదున్న గాలి లేస్తుంది. 50 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల ఎత్తున్న గాలి స్తంభాన్ని 3 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 1,70,000 కిలో క్యాలరీలు కావాలి. రాయి మింగేది ఇందులో కలపలేదు. కాలువలో 1,600 లీటర్లకు పైగా గడ్డకడతాయి, ఒళ్లు ఇచ్చేది 17,000. తలా 330 చొప్పున 50 మందికి పైగా ఆ రోజు శక్తినంతా అందులో పోస్తేనే కొందరు గాల్లోకి లేస్తారు. ఎవరు ఎగరాలి, ఎవరు కింద కూర్చుని వేడి ఇవ్వాలి అన్నది ఊరి పెద్ద తగాదా అవుతుంది. ఎండ కాసే రోజుల్లో చప్టా దానంతటదే వేడెక్కుతుంది కాబట్టి వేసవిలో ఎగరడం చవక, మబ్బు పడితే నేల మీదే.

ఒక్క జాగ్రత్త. పక్షి ఎముకలు బోలు కాబట్టి అస్థిపంజరం తేలిక అని రాసేస్తుంటారు. అంతే బరువున్న క్షీరదంతో పోలిస్తే పక్షి అస్థిపంజరం బరువు వాటా ఇంచుమించు సమానం, వాటి ఎముక పదార్థం ఇంకా దట్టం. ‘బోలు ఎముకలు గనుక తగిలితే పుటుక్కున విరుగుతాయి’ అన్న బలహీనత పెట్టబోతుంటే మానుకోండి. విరిగే ప్రమాదం ఉన్నది రెక్క కొసల్లోని సన్నటి పొడవాటి ఎముకలకు.

వీపున రెక్కలున్నవాళ్లు వెల్లకిలా పడుకోలేరు, ఆనుకునే కుర్చీలో కూర్చోలేరు, తలమీంచి చొక్కా తొడుక్కోలేరు. మెడ దగ్గర, నడుము దగ్గర కట్టుకునే ముందుగుడ్డ, వీపులేని పీట, బోర్లా పడుకుంటే గడ్డం ఆనడానికి గుంట తవ్విన చెక్క. ఇవి మూడూ మొదటి ఇంటి సీన్‌లో పడితే రెక్కల గురించి వేరే వర్ణన అక్కర్లేదు.

అంకెలబడి:

ఆయుష్షు సంగతి నేను చెబుతాను. 600 ఏళ్లు అనేయడం తేలిక, అది జనాభాను ఏం చేస్తుందో చూడాలి.

తరానికి తరానికి 150 ఏళ్లు అనుకోండి. జంటకు నలుగురు పిల్లలు బతికితే తరానికి జనాభా రెట్టింపు, 1,500 ఏళ్లలో 2,000 మంది 20 లక్షలు దాటతారు. లోకాన్ని ఏలేస్తారు. జంటకు సగటున 2.2 బతికితే అదే 1,500 ఏళ్లలో 5,200 దగ్గర ఆగుతారు. మీకు కావలసింది ఈ రెండోది. పిల్లలు ఎందుకు తక్కువ అన్నదానికి కారణం మళ్లీ వేడిలోనే దొరుకుతుంది. పక్షిజాతి కాబట్టి గుడ్లు పెడతారు. కోడిగుడ్డు 37.5 డిగ్రీల దగ్గర 21 రోజులకు పిల్లవుతుంది, నిప్పుకోడి గుడ్డుకు 42 రోజులు. మీవాళ్ల గుడ్డుకు 200 రోజులు పెడితే చలికాలం దాటక తప్పదు. చలికాలం నీళ్లు ముందే చల్లగా ఉంటాయి, లాగడానికి వేడి తక్కువ. ఒక ఊరు ఒక శీతాకాలంలో ఎన్ని గుడ్లను నిలబెట్టగలదో నది తేలుస్తుంది.

శాంతస్వభావం కూడా ఇక్కడి నుంచే వస్తుంది, పుట్టుగుణంగా పెట్టకండి. 2,000 మందిలో 200 మంది ఒక యుద్ధంలో పోతే, తరానికి పదోవంతు పెరిగే జాతి ఆ లోటు పూడ్చుకోవడానికి 150 ఏళ్లు పడుతుంది. మనుషులైతే ఒకటి రెండు తరాల్లోనే, అంటే పాతికో యాభయ్యో ఏళ్లలో తేరుకుంటారు. ఈ తేడా తెలిసిన సేనాని గెలవాల్సిన అవసరం కూడా లేదు, ఒకరికొకరు చొప్పున చచ్చినా అతనిదే పైచేయి. వాళ్లు యుద్ధానికి దిగకపోవడం ఇక చేతగానితనంలా కనిపించదు.

600 అన్నది గరిష్ఠం, అందరూ అందుకునేది కాదు. ముసలితనం లేకుండా కేవలం ప్రమాదాలు, జబ్బులతో ఏటా వెయ్యికి ఒకరు పోయినా 600 చేరేది నూటికి 55 మంది. వెయ్యికి అయిదుగురు పోతే నూటికి అయిదుగురే చేరతారు. మీ లోకం ఎంత ప్రమాదకరమైతే ముసలివాళ్లు అంత అరుదు. దీర్ఘాయుష్షుకు ప్రకృతిలో ఆధారం కావాలంటే గ్రీన్‌ల్యాండ్ షార్క్‌ను చూడండి: కనీసం 270 ఏళ్లు బతుకుతుంది, ఆడది పిల్లల్ని కనే వయసుకు రావడానికే 150 ఏళ్ల దాకా పడుతుంది. ఆయుష్షు పొడవుగా ఉన్నచోట అన్నీ ఆలస్యంగానే జరుగుతాయి.

జనాభాను ఇంకా తగ్గించాలనిపిస్తే పిల్లల్ని కనేవాళ్లు 500కు తగ్గకుండా చూడండి. దగ్గరి చుట్టరికాల పెళ్లిళ్ల దెబ్బ తక్షణం తగలకుండా ఉండటానికి పిల్లల్ని కనేవాళ్లు 50 మంది, దీర్ఘకాలం నిలవడానికి 500 మంది కావాలన్నది జన్యుశాస్త్రంలో 1980 నుంచి వాడుకలో ఉన్న కొలత. 2014లో దాన్ని రెట్టింపు చేయాలన్న వాదన కూడా వచ్చింది. మీ 2,000 అందుకు సరిపోతుంది.

అప్పుల గురించి ఒక మాట, దీన్ని ఎవరూ పట్టించుకోరు. నూటికి ఏటా 3 చొప్పున చక్రవడ్డీకి ఇచ్చిన ఒక నాణెం 300 ఏళ్లకు 7,000 నాణేలు దాటుతుంది. దీర్ఘాయుష్కులు మనుషులకు అప్పులిస్తే యుద్ధం లేకుండానే రాజ్యాలు వాళ్ల చేతికొస్తాయి. వడ్డీ వాళ్లలో నిషిద్ధమనో, మనుషుల రాజులు పాత పత్రాలు చెల్లవని చట్టం చేశారనో పెట్టాలి. రెండోది పెడితే ముట్టడికి కారణం కూడా దొరికినట్టే.

పలుకుబడి:

పేర్ల గురించి చిన్న సంగతి, కానీ తప్పనిసరిగా సరిచేయాల్సింది. గట్టి ముక్కు ఉన్న జాతికి పెదవులుండవు. పెదవులు లేకపోతే ప ఫ బ భ మ లేవు, వ దాదాపు లేదు, పెదవులు గుండ్రం చేయాల్సిన ఉ ఊ ఒ ఓ ఔ కూడా లేవు. మేఘవాహుడు, ప్రభంజని, అంబుజ: మూడింటిలో ఒక్కటీ వాళ్ల నోట పలకదు.

నిరోష్ఠ్యం, అంటే పెదవులతో పలికే అక్షరాలు (ఓష్ఠ్యాలు) లేకుండా రాయడం, మన సాహిత్యానికి కొత్త కాదు. సంస్కృత కవి దండి రాసిన దశకుమారచరితంలో మంత్రగుప్తుడి కథంతా ఓష్ఠ్యాలు లేకుండానే నడుస్తుంది. మీరూ అదే నియమం పెట్టుకుని పేర్లు కట్టండి: అ ఆ ఇ ఈ ఎ ఏ అచ్చులు, హల్లుల్లో క చ ట త వర్గాలు, ర ల ళ శ ష స హ. ఎళార, తిశేణ, నషీల్, కరిత్త. మగవాళ్ల పేర్ల చివర ‘డు’ కూడా ఎగిరిపోతుంది, చివర ఉకారం ఉంది కాబట్టి. మనుషుల పేర్లను వాళ్లు పలికేటప్పుడు ఒకే సూత్రం పాటించండి: ప స్థానంలో క, బ స్థానంలో గ, భ స్థానంలో ఘ, మ స్థానంలో న, ఉ స్థానంలో ఇ, ఓ స్థానంలో ఏ. సోముడు ‘సేనిడి’ అవుతాడు, భూపతి ‘ఘీకతి’ అవుతాడు. ఎక్కడా గాడి తప్పకపోతే రెండు సంభాషణల తర్వాత ఎవరు మాట్లాడుతున్నారో పేరు రాయకుండానే తెలిసిపోతుంది.

చిలుకలకు పెదవులు లేకపోయినా ప, మ పలుకుతాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. అవి గొంతు కింద, శ్వాసనాళం చీలే చోట ఉన్న సిరింక్స్ అనే అవయవంతో, నాలుకతో ఆ ధ్వనిని అనుకరిస్తాయి. మీ జాతికి సిరింక్స్ ఇస్తే ఈ నియమం సడలుతుంది, బదులుగా ఇంకోటి దొరుకుతుంది: పాటపక్షులు కొన్ని సిరింక్స్ రెండు వైపులతో ఒకేసారి రెండు స్వరాలు పలకగలవు. ఒక స్వరంలో మాట, రెండో స్వరంలో ఆ మాట మీద చెప్పేవాడికి ఎంత నమ్మకముందో వినిపించే భాష పెట్టవచ్చు. అలాంటి జాతిలో అబద్ధమాడటం ఒక సాధన అవుతుంది. రెంటిలో ఒకటే ఎంచుకోండి, రెండూ కలిపితే ఏదీ నిలవదు.

నిప్పురెక్క:

అందరికీ కృతజ్ఞతలు. తేలడం, 30 కిలోలు, నిరోష్ఠ్యం పేర్లు తీసుకుంటున్నాను. రెండు సందేహాలు. ఇన్ని లెక్కలు కథలో ఎక్కడ చెప్పాలి? మూడు ఊళ్లూ ఒకే రకంగా కనిపిస్తున్నాయి, వాటికి తేడా ఎలా తేవాలి?

చిత్తుప్రతి:

లెక్కలు ఎక్కడా చెప్పకండి. కిలో క్యాలరీ అన్న మాట లోకంలోనే ఉండకూడదు. అవి మీరు గాడి తప్పకుండా ఉండటానికి, పాఠకుడికి కనిపించాల్సింది ఫలితం మాత్రమే. అంకెల్ని వాళ్ల కొలతల్లోకి మార్చుకోండి: ‘కుండ’ అంటే లీటరు నీళ్లు కాచే వేడి, ‘రోజు’ అంటే 44 కుండలు. ఒక పాత్ర ‘ఇవాళ ముప్పై కుండలు ఇచ్చేశాను’ అంటే చాలు, ఎంత అలసిపోయిందో అర్థమవుతుంది.

పాఠకుడికి నియమం తెలియాల్సింది అది అవసరమయ్యే ముందే. ముట్టడిలో తొట్లు గడ్డకడుతున్నప్పుడు నియమం వివరిస్తే సాకు చెప్పినట్టుంటుంది. మొదటి అధ్యాయంలో ఒక మామూలు ఇల్లాలు పొద్దున్నే నీళ్లు కాచుకోవడం చూపండి: ఎడమ చెయ్యి తొట్టిలో, కుడి చెయ్యి కుండ మీద, తొట్టి అంచున మంచు పేరుకోవడం, పని అయ్యాక వేళ్లు తుడుచుకుని నోట్లో ఒక తీపి ముక్క వేసుకోవడం. ఐదారు వాక్యాలు చాలు. ఖర్చు, దూరం, హద్దు మూడూ అందులో ఉన్నాయి.

ఇక ఊళ్లు. ఊరికొక స్వభావం పంచిపెట్టకండి, పై ఊరు గర్విష్ఠులు, కింది ఊరు అమాయకులు అన్న ధోరణి రెండో పేజీకే తేలిపోతుంది. ఒకే నది కాబట్టి ఒకే కొరతను ముగ్గురికీ ఇచ్చి చూడండి. ఎగువ ఊరు వేడి లాగేస్తే దిగువకు వచ్చేది చన్నీళ్లు, మంచుపెళ్లలు. దిగువ ఊరికి శీతాకాలంలో గుడ్లు నిలవవు. కాబట్టి దిగువవాళ్లు వేడి వాడకానికి వంతులు కావాలంటారు, ఎగువవాళ్లు నీటిని ఎవరూ ఆపడం లేదు కదా అంటారు, మధ్య ఊరు వేసవిలో నీళ్లు నిలవచేసే చెరువు తవ్వుకుని ఇద్దరికీ అమ్ముతుంది. మూడు ఊళ్లకు మూడు రకాల చట్టం, తిట్లు, పెళ్లి షరతులు దీని నుంచే వస్తాయి. ఒక్కో ఊళ్లో కూడా సొంత ఊరి వాదనను ఒప్పుకోని మనిషి ఒకరైనా పేరుతో, కారణంతో ఉండాలి.

సైన్యం మొదట ఏ ఊరిని ముట్టడించాలో కూడా తేలిపోయింది. ఎగువ ఊరిని మూస్తే దిగువవాళ్లకు ఆ చలికాలం నీళ్లు వెచ్చగా వస్తాయి. వాళ్లు సాయానికి వస్తారా అన్నది మీ నాలుగో అధ్యాయం.

నిప్పురెక్క:

నాలుగో అధ్యాయం దొరికింది! చివరిగా ఒకటి: పిల్లలకు ఈ మాయ పుట్టుకతోనే ఉండాలా?

కొలిమి:

వద్దు. పెరిగే ఒంట్లో మిగులు ఉండదని పెట్టండి, తిన్నదాంట్లో కొంత ఎదుగుదలకూ పోతుంది. పుట్టుకతో ఉంటే పసిబిడ్డ చలివేసిన ప్రతిసారీ తల్లి ఒంట్లోంచి వేడి లాగేస్తుంది, ఒక తరానికే జాతి అంతరిస్తుంది. ఎదుగుదల ఆగే వయసుకు, మీ లెక్కలో 40 ఏళ్ల దగ్గర పెట్టండి. ముందే మొదలయ్యే పిల్లలు అరుదుగా ఉండవచ్చు, వాళ్లు వయసుకు తగ్గ ఎత్తు ఎదగరు. ఇంకో హద్దు ఇప్పుడే రాసి పెట్టుకోండి: బతికున్న ఒంట్లోంచి వేడి లాగడం కుదురుతుందా, కుదరదా? మనిషి ఒళ్లు మూడొంతుల్లో రెండొంతులు నీరే. కుదురుతుందంటే శత్రువును తాకడమే చంపడం అవుతుంది. కుదరదు అనే రాయండి. నీరు కనపడుతూ, గాలికి తెరుచుకుని ఉంటేనే వేడి ఇస్తుందని పెడితే మూతపెట్టిన కుండ, తోలుతిత్తి, ఒళ్లు మూడూ ఒకే నియమం కిందికి వస్తాయి. ముట్టడివాళ్లు నీళ్లు తోలుతిత్తుల్లోనే ఎందుకు మోస్తున్నారో కూడా తేలిపోతుంది.